సాయంత్రం నాలుగు తర్వాత: హైస్కూలు పిల్లలకు పాటా, ఆటా, రెండూనా?

డిసెంబరులో దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి వైపు ఐదుంబావు అయ్యేసరికి పొద్దు కుంకుతుంది. బడి ఆఖరి బెల్లు నాలుగింటికి. సంచి సర్దుకుని, నీళ్లు తాగి, గ్రౌండులో దిగేసరికి నాలుగుంబావు. మిగిలింది ఒక్క గంట వెలుతురు. కబడ్డీ జట్టు తయారవ్వాల్సిందీ ఆ గంటలోనే, జనవరి 26 పాట నేర్పాల్సిందీ ఆ గంటలోనే. పాటకీ ఆటకీ మధ్య తగవంటే డబ్బు తగవనో ఇష్టాల తగవనో అనుకుంటాం. గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లోని మన బడుల్లో మాత్రం అసలు తగవంతా ఈ గంట దగ్గరే.

ఈ వ్యాసం ఇద్దరికి పనికొస్తుంది. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో పిల్లలున్న అమ్మానాన్నలు ఒకరు, టైంటేబుల్ వేసే హెడ్మాస్టరు మరొకరు. ముందు హెడ్మాస్టరు సంగతి చూద్దాం. బడి టైంటేబుల్ తప్పుగా ఉంటే ఇంట్లో ఎంత ఆలోచించినా పిల్లకి దక్కేది లేదు.

గంటను పంచే నాలుగు పద్ధతులు

రోజూ రెండూ పెట్టడం మొదటిది. 4:15 నుంచి 4:45 దాకా పాట, తర్వాత 5:15 దాకా ఆట. కాగితం మీద చూస్తే ఇంత న్యాయమైన పంపకం ఇంకోటి లేదు. లెక్కేస్తే తెలుస్తుంది. హార్మోనియం బయటికి తీసి, శ్రుతి పెట్టి, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టడానికి ఎనిమిది నిమిషాలు. గ్రౌండులో ఒళ్లు వేడెక్కించడానికి పది నిమిషాలు, చివర్లో కండరాలు సాగదీయడానికి ఐదు. మిగిలేది అటు ఇరవై రెండు, ఇటు పదిహేను. రెండూ మొదలవుతాయి, రెండూ జరగవు. తప్పనిసరైతే పాటను ముందు, ఆటను తర్వాత పెట్టండి. పరిగెత్తి వచ్చిన పిల్లకి గొంతు ఎండి ఉంటుంది, ఊపిరి నిలవదు. కనీసం ఇరవై నిమిషాలు కూర్చుంటే గాని షడ్జం (స) నిలబడదు.

రెండోది రోజు విడిచి రోజు. సోమ, బుధ, శుక్రవారాలు ఆట. మంగళ, గురు, శనివారాలు పాట. మొదటి దానికన్నా చాలా నయం. ఇది చెడేది పోటీల వారం వచ్చినప్పుడు. ‘ఈ ఒక్క వారం గ్రౌండుకి ఇచ్చేయండి సార్’ అని డ్రిల్లు మాస్టారు అడుగుతారు, పాటల మాస్టారు సరేనంటారు. అలా ఇచ్చిన రోజులు తిరిగి రావు. ఈ పద్ధతి నడవాలంటే ఒక రిజిస్టరు పెట్టాలి. తీసుకున్న రోజు తేదీ, తిరిగి ఇచ్చే తేదీ పక్కపక్కన రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. చిన్నతనంగా అనిపిస్తుంది గానీ, రిజిస్టరు లేని చోట నవంబరుకల్లా పాట పీరియడు మాయమవుతుంది.

మూడోది పిల్లల్నే విడగొట్టడం. జూన్‌లో పేరివ్వు, ఇటో అటో. ఐదారు వందల మంది పిల్లలూ, ఇద్దరు వేర్వేరు మాస్టార్లూ ఉన్న బరంపురం లాంటి పట్నపు బడికి ఇది సరిపోతుంది. నూటయాభై మంది ఉన్న పల్లె హైస్కూల్లో కుదరదు. అక్కడ బాగా పరిగెత్తే పన్నెండు మందిలో సగం మంది బాగా పాడేవాళ్లే. పైగా పదమూడేళ్ల పిల్లాడు జూన్‌లో ఎంచుకునేది పాటనో ఆటనో కాదు, తన స్నేహితుడు ఎటు వెళితే అటు.

నాలుగోది రోజును కాకుండా ఏడాదిని పంచుకోవడం. వానాకాలం పాటకి, ఎండు కాలం ఆటకి. మా ఓటు దీనికే. ఆటకు వెలుతురూ ఆరిన నేలా కావాలి. పాటకు ఆ రెండూ అక్కర్లేదు, గోడా కప్పూ ఉంటే చాలు. మన వాతావరణమే సగం టైంటేబుల్ వేసిపెట్టింది.

ఏడాది లెక్క ఎలా వేయాలి

జూన్ మూడో వారం నుంచి దసరా సెలవుల దాకా గ్రౌండు బురద. ఆ నాలుగు నెలలూ పాటకు వారానికి నాలుగు రోజులు, రోజుకి యాభై నిమిషాలు. కొత్త పాఠాలన్నీ ఇప్పుడే చెప్పేయాలి. ఆటకు రెండు రోజులు, నలభై ఐదు నిమిషాలు, వరండాలోనే: తాడాట నిమిషం చొప్పున ఎనిమిది సార్లు, మధ్యలో అర నిమిషం విరామం, గుంజీలు పదిహేను చొప్పున మూడు విడతలు, దండీలు చేయగలిగినన్ని మూడు విడతలు, మోచేతుల మీద ఒళ్లు నిటారుగా నిలపడం ముప్పై సెకన్ల చొప్పున నాలుగుసార్లు. ఇది కాలక్షేపం కాదు. కసరత్తు పూర్తిగా మానేస్తే రెండు మూడు వారాల్లోనే దమ్ము పడిపోవడం మొదలవుతుంది. కండబలం ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. వారానికి రెండు రోజులైనా గట్టిగా చేస్తే చాలావరకు చేతిలో ఉంటుంది.

ఇందులో ఒక చిక్కుంది. వానాకాలం పాటకని చెప్పి రేకుల గదిలో కూర్చోబెడితే జూలైలో ఒక్క పాఠం జరగదు. రేకు మీద జడివాన పడుతుంటే శ్రుతి వినపడదు. వినపడని శ్రుతికి పిల్లలు గొంతు పెంచి అరుస్తారు, అపశ్రుతి అలవాటైపోతుంది. బడిలో స్లాబు గది ఒక్కటే ఉండి, దాన్ని ఆఫీసు గదిగా వాడుతుంటే, ఆ నాలుగు నెలలూ సాయంత్రం గంటసేపు దాన్ని ఖాళీ చేయించుకోవడమే సంగీతానికి మీరు చేయగల మొదటి మేలు. హార్మోనియం కొనడం ఆ తర్వాత.

దసరా దాటాక జనవరి ఆఖరు దాకా గ్రౌండుది. వారానికి ఐదు రోజులు. డిసెంబరు, జనవరుల్లో సాయంత్రం గంటే దక్కుతుంది కాబట్టి, దగ్గర్లో ఉన్న పిల్లలకు రెండు రోజులు పొద్దున ఆరున్నరకి పెట్టుకోవచ్చు. నాలుగైదు కిలోమీటర్ల నుంచి సైకిలు మీద వచ్చే ఆడపిల్లల్ని మాత్రం చీకటి పడ్డాక గ్రౌండులో ఉంచవద్దు. ‘మా అమ్మాయిని ఆటల్లోంచి తీసేయండి’ అని డిసెంబరులో వచ్చే తండ్రి బాధ సాధారణంగా ఆట గురించి కాదు, దారి గురించి.

ఈ నాలుగు నెలలూ పాట ఇంటికి పోతుంది. రాత్రి భోజనానికి ముందు ఇరవై నిమిషాలు: ఐదు నిమిషాలు శ్రుతిలో స-ప-స నిలపడం, ఎనిమిది నిమిషాలు అలంకారాలు (తాళంలో పాడే స్వరాల వరసలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, ఏడు నిమిషాలు వచ్చిన గీతమో కృతో ఒకటి. కొత్తది ముట్టుకోకూడదు. ఆదివారం ఒక క్లాసు, గంటా పావు. ఈ ఇరవై నిమిషాలు కూడా మానేసిన పిల్లలకు ఫిబ్రవరిలో మూడో కాలం దగ్గర తాళం జారిపోతుంది. మళ్లీ మొదటి పాఠాలైన సరళీ స్వరాల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, అది పిల్లలకు అవమానంగా ఉంటుంది, మానేస్తారు. సంగీతం మానేసిన పిల్లల్లో ఎక్కువమంది మానేసేది ఇక్కడే.

బ్లాకు పోటీలు కొన్నేళ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పెట్టేస్తారు. అప్పుడు జట్టులో పేరున్న వాళ్లను మాత్రం మూడు వారాల ముందు నుంచి పాట క్లాసుల్లో సగం విడిచిపెట్టండి. బడి మొత్తాన్ని గ్రౌండుకి తోలవద్దు. కబడ్డీ జట్టుకి కావాల్సింది పన్నెండు మంది, కోర్టులో దిగేది ఏడుగురు.

అక్టోబరుతో జాగ్రత్త. పూజ సెలవులు, జిల్లా స్థాయి పోటీలు, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు 2015 నుంచి కేంద్రం జరుపుతున్న కళల పోటీ కళా ఉత్సవ్ తొలి దశలు, అన్నీ ఆ చుట్టుపక్కలే వచ్చి పడతాయి. వాటికి తోడు తుపాను. 2013 అక్టోబరులో పైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ గజపతి జిల్లాను ఎలా చేసిందో వేరే చెప్పక్కర్లేదు. అక్టోబరులో వాద్యాలను నేల మీదా కిటికీ కిందా పెట్టవద్దు, మూడడుగుల ఎత్తున బల్ల మీద పెట్టండి. ఏ పిల్ల పేరు ఆటకి వెళ్తుంది, ఏ పిల్ల పేరు కళా ఉత్సవ్‌కి వెళ్తుంది అన్నది ఆగస్టు నెలాఖరులోనే తేల్చేయండి. ఒక పిల్లకు ఏడాదికి ఒకే పెద్ద పోటీ.

ఎండలు ముదిరి ఒంటిపూట బడి వచ్చాక సాయంత్రాలు ఖాళీగానే ఉంటాయి గానీ, ఐదున్నరకు ముందు గ్రౌండులోకి దింపకండి.

ఇద్దరు మాస్టార్లలో ఒక్కరే ఉంటే

చాలా హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారు ఉంటారు, సంగీతం మాస్టారు ఉండరు. ప్రార్థన పాట, ఆగస్టు 15 పాట, ఏప్రిల్ 1న ఉత్కళ దినం పాట ఎవరో ఒక టీచరుగారు నేర్పుతారు. ఏడాదికి ఆరు పాటలు. దాన్ని ఫంక్షన్ పాట అనాలి, సంగీతం చదువు అనకూడదు. మా పిల్లకి బడిలో సంగీతం ఉంది అని ఇంట్లో వాళ్లు నమ్మి ఊరుకుంటారు, నష్టం అక్కడ జరుగుతుంది.

అలాంటి బడికి మంచి దారి బ్యాండు. ఎనిమిది సైడు డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, రెండు జతల తాళాలు, నాలుగు బ్యూగిళ్లు. కవాతు నడక నిమిషానికి 120 అడుగులు. ఫోనులో మెట్రోనోము 120కి పెట్టి, మొదటి రెండు వారాలు డ్రమ్ము లేకుండా పాదాలతోనే నడిపించాలి. డ్రమ్ము ముందు చేతికిస్తే పిల్లలు చేతి వేగానికి కాళ్లు కలుపుతారు, వరస చెదురుతుంది. డ్రిల్లు మాస్టారికి ఇది కొత్త విద్య కాదు. జాతీయ స్థాయిలో పాఠశాలల బ్యాండు పోటీ కూడా ఉంది. బ్యాండు కొనే స్తోమత లేకపోతే కోలాటం: పదహారు మంది, ముప్పై రెండు జామకర్రలు, ఖర్చు దాదాపు సున్నా. నలభై నిమిషాలు ఆడితే ఒళ్లంతా చెమట, తాళం ఎక్కడ తప్పిందో కర్ర చప్పుడే చెబుతుంది. కొరాపుట్ వైపు బడులకు గిరిజనుల గుంపు నాట్యం ఢెంసా ఉండనే ఉంది. దాన్ని యూనిఫారం వేసి స్టేజీ మీద నిలబెట్టే బదులు, వారానికో గంట పిల్లలే వాళ్ల వాళ్ల పద్ధతిలో ఆడుకోనిస్తే ఎక్కువ లాభం.

డబ్బు

బడులకు కేంద్రం నడిపే సమగ్ర శిక్షా పథకం కింద హైస్కూలుకు ఏడాదికి 25,000 రూపాయల ఆటల గ్రాంటు ఉంది. సంగీతానికి అలా విడిగా పేరు పెట్టి వచ్చేది లేదు. పిల్లల సంఖ్యను బట్టి వచ్చే మొత్తం గ్రాంటులోంచో, దాతల నుంచో చూసుకోవాలి. 101 నుంచి 250 మంది ఉన్న బడికి ఆ గ్రాంటు 50,000, అంతకు మించి వెయ్యి దాకా 75,000. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, మరమ్మతులు అన్నీ అందులోవే.

తేడా ఎక్కడంటే, ఆట సామాను ఏటా అరిగిపోతుంది, వాద్యం అరగదు, పాడవుతుంది. వాలీబాలు రెండు సీజన్లకు పోతుంది, అది పోవడమే దాని పని. మంచి హార్మోనియం సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్లు పాడుతుంది, చూసుకోకపోతే రెండు వానాకాలాలకు మూగబోతుంది. ఇప్పటి ధరల్లో రెండు వరసల రీడ్లున్న హార్మోనియం సుమారు పదిహేను నుంచి ఇరవై వేలు, తబలా జత ఆరు నుంచి తొమ్మిది వేలు, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె మూడు వేల చిల్లర. శ్రుతిపెట్టె ముందు కొనండి. హార్మోనియం లేకుండా పాట నేర్పవచ్చు, శ్రుతి లేకుండా నేర్పకూడదు.

హార్మోనియం చెడేది మూడు కారణాల వల్ల. తేమకు చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కుంటాయి, రీడ్లు తుప్పు పడతాయి, ఎలుకలు తిత్తి కొరుకుతాయి. వాడాక తిత్తి పూర్తిగా మూసి కొక్కెం పెట్టాలి, ఏ మెట్టూ నొక్కకుండా తిత్తి గట్టిగా ఊదకూడదు, వారానికోసారి వాడకపోయినా పావుగంట వాయించాలి. తబలా, మృదంగం మూతలు తేమకు వదులై శ్రుతి దిగిపోతాయి. వానాకాలంలో గుడ్డ గలీబు వేసి పొడి గదిలో ఉంచాలి. మృదంగం ఎడమవైపు పెట్టిన రవ్వముద్దను పాఠం అవగానే గీకి తుడిచేయకపోతే బూజు పట్టి తోలు కుళ్లుతుంది, చీమలూ చేరతాయి.

రాయగడ, గుణుపురం వాళ్లకు వీణ కావాలంటే బొబ్బిలి దగ్గరే ఉంది. గొల్లపల్లిలో పనసచెక్కతో చేసే బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వీణ మెట్లు మైనంలో నిలబెట్టి ఉంటాయి. మే నెలలో రేకుల గదిలో వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, మళ్లీ మేళం కట్టించడానికి, అంటే మెట్లు తిరిగి అమర్చించడానికి, బొబ్బిలి వెళ్లాలి. బడికి కాదు, ఇంటికే కొనుక్కోండి.

ఆటలకు 25,000లో మూడు వాలీబాళ్లు, ఒక నెట్టు, రెండు ఫుట్‌బాళ్లు, ఇరవై తాళ్లు, ఇరవై కోన్లు, యాభై మీటర్ల టేపు, రెండు స్టాపువాచీలు, సున్నం, ప్రథమ చికిత్స పెట్టె వస్తాయి. కబడ్డీ మ్యాట్ల జోలికి పోవద్దు. లక్ష దాటుతుంది, ఎండకు చీలుతుంది. నేల కోర్టే జానెడు లోతు తవ్వి, మట్టిని జల్లెడ పట్టి, ఇసుక కలిపి, తడిపి రోలరు తిప్పితే సరిపోతుంది. మగపిల్లల పెద్ద కోర్టు 13 మీటర్లకు 10, ఆడపిల్లలకు 12కు 8. ఖోఖోకి 27కు 16 మీటర్లు కావాలి, స్థలం తక్కువైతే అదే ముందు వదులుకోవాల్సింది. స్థలం అసలే లేని బడికి వెయిట్‌లిఫ్టింగు గురించి ఆలోచించవచ్చు. దాని వేదిక నాలుగు మీటర్ల చదరం, కప్పు కింద పడుతుంది, వానకు ఆగదు. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన కె. రవికుమార్ బరంపురం ప్రాంతం వాడే. తెలిసిన శిక్షకుడు లేకుండా మాత్రం బార్ ఎత్తించకండి.

ఇక మీ పిల్ల సంగతి

రెండిటికీ గడువులు వేరు. దీన్ని చూడకుండా చాలామంది పొరపడతారు.

పాఠశాలల జాతీయ క్రీడల్లో వయసు విభాగాలు 14, 17, 19 లోపు. సాధారణంగా ఎనిమిదో తరగతి 14 లోపు వాళ్లకు ఆఖరి ఏడు. తొమ్మిదిలోకి రాగానే పదహారేళ్ల వాళ్లతో తలపడాలి. ఎనిమిదిలో జిల్లా దాటిన పిల్లాడు తొమ్మిదిలో బ్లాకులోనే ఓడిపోతే అది పతనం కాదు, విభాగం మారింది, అంతే. ఆ ఏడు చూసి ఆట మాన్పించేయడం తొందరపాటు. రెండేళ్లు ఆగి, 17 లోపు విభాగంలో పెద్దవాడయ్యాక కూడా జిల్లా దాటకపోతే అప్పుడు ఆటను ఆరోగ్యానికి ఉంచి పాటను ముందుకు తేవచ్చు.

సంగీతంలో లెక్క తిరగబడుతుంది. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్‌కు 10 నుంచి 14 ఏళ్ల లోపే దరఖాస్తు పెట్టాలి. ఒకసారి వస్తే రెండేళ్లకోసారి పొడిగిస్తూ డిగ్రీ దాకా కొనసాగించవచ్చు. ఆ వయసు దాటితే కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు. అంటే 15, 16, 17 ఏళ్లలో సంగీతానికి చేయూత దాదాపు లేదు. సరిగ్గా ఆ వయసులోనే ఆటకు తలుపులు తెరుచుకుంటాయి: రాష్ట్ర క్రీడా హాస్టళ్లు, కేంద్రం నడిపే ఆటల పథకం ఖేలో ఇండియా. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు ఏడాదికి 6.28 లక్షల దాకా ఖర్చు పెడతారు, అందులో 1.20 లక్షలు చేతి ఖర్చుగా పిల్లకే అందుతాయి. కాబట్టి రెండిట్లోనూ చురుకున్న పిల్ల ఏడో తరగతిలో ఉంటే, ముందు సంగీతం దరఖాస్తు పూర్తి చేయండి. ఆట తలుపు ఇంకా మూసుకోదు.

హాకీకి పేరున్న పాన్‌పోష్ హాస్టలు రూర్కెలాలో ఉంది. అలాంటి చోట సీటొస్తే ఇంటి దగ్గర గురువుగారితో పాఠం ఆగిపోయినట్టే. అది ఒప్పుకునే పంపాలి. సెలవుల్లో వచ్చినప్పుడు నేర్చుకుంటుందిలే అన్న మాట నడవదు.

హాస్టలు బడుల్లో నవోదయకూ ఏకలవ్య బడులకూ సంగీతం టీచరు పోస్టూ, ఆడ మగ ఇద్దరు పీఈటీల (డ్రిల్లు టీచర్ల) పోస్టులూ ఉంటాయి. రెండూ ఒకేచోట దొరికేది అక్కడే. చేర్చే ముందు ఆ పోస్టులో ఇప్పుడు మనిషి ఉన్నారా, ఖాళీయా అని స్వయంగా వెళ్లి అడగండి. నవోదయలో ఇంకో మెలిక ఉంది. తొమ్మిదిలో కొంతమందిని ఏడాది పాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు పంపుతారు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లకు ఆ ఏడు పాఠం తెగుతుంది, ఆటగాడికి పెద్దగా తేడా ఉండదు.

కర్ణాటకమా, ఒడిస్సీయా, హిందుస్తానీయా

సంగీతం అనుకున్నాక మన వైపు ఇదొక ప్రశ్న. ఊళ్లో దొరికే గురువుగారు ఒడిశా సొంత సంగీత పద్ధతి ఒడిస్సీయో హిందుస్తానీయో చెబుతారు, ఇంట్లో వాళ్లకు త్యాగరాజ కీర్తన కావాలి. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాల రాయగడ నుంచి రైల్లో పొద్దున వెళ్లి రాత్రికి రాగల దూరం. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పిన చోటు. ఆ చుట్టుపక్కల కర్ణాటకం చెప్పేవాళ్లకు కొదవ లేదు. కానీ వారానికోసారి రైలెక్కి నేర్చుకునే కర్ణాటకం కన్నా, వీధి చివర వారానికి మూడుసార్లు దొరికే హిందుస్తానీ మేలు. హైస్కూలు వయసులో సంప్రదాయం కన్నా వారంలో గురువు ముందు ఎన్నిసార్లు కూర్చున్నారన్నదే ముఖ్యం. చెవీ తాళజ్ఞానం ఏ పద్ధతిలో కుదిరినా కుదిరినట్టే, తర్వాత మారవచ్చు. అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండల్ పరీక్షలు రాయించేవాళ్లు దొరికితే సర్టిఫికెట్ దారి కూడా ఉంటుంది.

ఒడిస్సీ నాట్యం నేర్చుకునే పిల్లకు ఒక హెచ్చరిక. ఆ గంటల్ని పాట ఖాతాలో వేయకండి, ఆట ఖాతాలో వేయండి. చౌక అనే భంగిమలో మోకాళ్లు వంచి నిలబడే భారం పరుగు భారం లాంటిదే. పిల్లలకు నిపుణులు చెప్పే సులువైన హద్దు ఒకటుంది: వయసు ఎన్నేళ్లో, వారంలో కట్టుదిట్టమైన కసరత్తు అన్ని గంటలకు మించకూడదు, వారంలో ఒక పూర్తి విశ్రాంతి రోజుండాలి. పద్నాలుగేళ్ల పిల్లకి నాట్యం ఎనిమిది గంటలు, ఖోఖో ఏడు గంటలంటే హద్దు దాటినట్టే. మోకాలి చిప్ప కింద బొడిపె దగ్గర నొక్కితే నొప్పి అంటే ఎదిగే ఎముక మీద లాగుడు ఎక్కువైందని అర్థం. నూనె మర్దనాతో అది పోదు, గంటలు తగ్గించాలి.

ఏ ఆటకు ఏ పాట

మగపిల్లల గొంతు పన్నెండు, పదిహేనేళ్ల మధ్య మారుతుంది. అప్పటిదాకా ఐదు శ్రుతిలో (అంకె పెద్దదైతే శ్రుతి ఎక్కువ) హాయిగా పాడిన వాడికి తారస్థాయి (పై స్థాయి) షడ్జం దగ్గర గొంతు రెండుగా చీలుతుంది. సరిగ్గా అదే వయసులో వాడు కబడ్డీలో కూతకు వెళ్తుంటాడు. కూత అందరికీ వినపడాలి, ఒక్క ఊపిరిలో సాగాలి. కుర్రాళ్లు దాన్ని గొంతు బిగించి అరుస్తారు. ముప్పై కూతల తర్వాత సాయంత్రం పాట పాఠానికి కూర్చుంటే వచ్చేది గరగర. కూత పూర్తిగా మాన్పించక్కర్లేదు. తగ్గు గొంతుతో, పొట్ట నుంచి ఊపిరి తీసి ‘కబడ్డీ’ అనడం నేర్పాలి. అది ఊపిరి సాధకమే, పాటకూ పనికొస్తుంది. పాటలో మాత్రం శ్రుతి దించేయండి. వారం వారం చూడండి: శ్రుతిపెట్టె మూడుకు పెట్టి మంద్ర పంచమం (కింది స్థాయి ప) నుంచి మధ్య స్థాయి పంచమం దాకా నెమ్మదిగా పాడించండి. ఎక్కడ చీలిందో దానికి రెండు స్వరాల కిందే ఆపి, ఆ హద్దులోనే పాడించండి. శ్రుతి రెండుకో ఒకటిన్నరకో దిగి కొన్ని నెలలు కదలకుండా నిలబడ్డాక పాత పాటలు తిరిగి ఎత్తుకోవచ్చు. ఈలోగా తాళం, స్వరం రాయడం, వాద్యం.

వాద్యానికి ప్రమాదం వేళ్ల దగ్గర. వాలీబాలు బ్లాకులో, కబడ్డీ పట్టులో, క్రికెట్టు క్యాచిలో వేలు మడత పడుతుంది. మృదంగం, తబలా, వయొలిన్, వీణ వాయించే పిల్లలకు పరుగు, ఖోఖో, ఫుట్‌బాల్ నయం. వేణువు ఊదే పిల్లకు ఫుట్‌బాల్ కూడా ఆలోచించాల్సిందే, పెదవికీ ముందు పళ్లకూ దెబ్బ తగిలితే నెలలు పోతాయి. పాడే పిల్లకు పరుగుకు మించిన ఆట లేదు. వేలికి దెబ్బ తగిలితే వెంటనే గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు, పక్క వేలితో కలిపి టేపు. పిడికిలి నొప్పి లేకుండా పూర్తిగా మూసేదాకా వాద్యం ముట్టకూడదు. వేలి కొస కిందికి వాలిపోయి తనంతట పైకి లేవకపోతే అది బెణుకు కాదు, వేలి కొసను పైకెత్తే స్నాయువు తెగింది. రెండు మూడు రోజుల్లో డాక్టరుకు చూపించాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలు చిన్న బద్దతో నిటారుగా ఉంచాలి, మధ్యలో ఒక్కరోజు కూడా వంచకూడదు. మనవైపు దీన్ని లాగి సరిచేసేవాళ్లు ఎక్కువ. లాగితే ఆ వేలు మళ్లీ తీగ మీద నిలబడదు.

పదో తరగతి

పదిలో రెండూ మాన్పించేయడం మన ఆచారం. ఫిబ్రవరి, మార్చిల్లో బోర్డు పరీక్షలు, డిసెంబరు నుంచే గదిలో పెట్టి తాళం వేస్తారు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకి గంట ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, ఎనిమిది గంటల నిద్ర అన్నది ఈ వయసుకి కనీసం. డిసెంబరు నుంచి పోటీలు, కొత్త పాఠాలు, ప్రయాణాలు మానండి. పొద్దున అరగంట పరుగు, రాత్రి పుస్తకం మూశాక పావుగంట పాట ఉంచండి. రెండిట్లో ఒకటే ఉంచగలం అంటే, పిల్ల దేనికి పిలవకుండా లేస్తుందో అది ఉంచండి.

పరీక్షలయ్యాక మర్నాడే పాత జోరులో దిగనివ్వకండి. మొదటి వారం మునుపటి దాంట్లో సగం, రెండో వారం మూడొంతులు, మూడో వారం పూర్తిగా. ఏప్రిల్ ఎండల్లో పరుగు పొద్దున ఏడు లోపే అయిపోవాలి, వెళ్లే ముందు ఒక గ్లాసు పల్చటి చోడంబలి (రాగి అంబలి) ఉప్పేసి. తబలా, మృదంగం వాళ్ల వేళ్ల కాయలు మెత్తబడి ఉంటాయి, మొదటి వారం రోజుకి పదిహేను నిమిషాలే. బొబ్బ లేస్తే చిదమకుండా రెండు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.